రెండవ రాకడ: రెండు వేల ఏళ్ల సందేహాలు

యేసుక్రీస్తు మళ్లీ వస్తాడన్నది క్రైస్తవ విశ్వాసంలో ఉన్నా లేకున్నా ఫరవాలేని అంశం కాదు. జీవించివున్నవారికీ చనిపోయినవారికీ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని 325లో నైసియా సభ ఆమోదించిన విశ్వాస ప్రమాణం చెబుతుంది. కాథలిక్కులు, ఆర్థడాక్స్ సంఘాలు, ప్రొటెస్టంట్లు ఎన్నో విషయాల్లో విడిపోయినా ఈ మాట దగ్గర కలిసే ఉన్నారు. తెలుగు క్రైస్తవులు దీన్ని ‘రెండవ రాకడ’ అంటారు. ప్రసంగాల్లో ఒట్టి ‘రాకడ’ అన్నా చాలు, అర్థమైపోతుంది.

ఈ నమ్మకం ఎంత పాతదో దాని మీద సందేహమూ దాదాపు అంత పాతది. సందేహించినవారిలో యూదు పండితులున్నారు, గ్రీకు తత్వవేత్తలున్నారు, ఆధునిక హేతువాదులున్నారు. అయితే అందరికన్నా పదునైన ప్రశ్నలు వేసినవారిలో చాలామంది బైబిలును జీవితాంతం చదివిన క్రైస్తవ పండితులే. ఈ సందేహాలన్నిటికీ ఒకే బరువు లేదు. తేదీ చెప్పి తప్పినవారిని వేలెత్తి చూపడం తేలిక, కానీ దానివల్ల తేలేది తక్కువ. మొదటి తరం క్రైస్తవులు దేనికోసం ఎదురుచూశారు, అది జరగనప్పుడు ఏం చేశారు అన్నదే అసలు ప్రశ్న.

కొత్త నిబంధనలో అన్నిటికన్నా ముందు రాసిన పుస్తకం, చాలామంది పండితుల లెక్క ప్రకారం, థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక. కాలం సుమారు క్రీ.శ. 50. ఆ సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు రాకముందే పోయినవారి గతి ఏమిటని మిగిలినవారికి దిగులు పట్టుకుంది. నాలుగో అధ్యాయంలో పౌలు వారిని ఓదారుస్తూ, చనిపోయినవారు ముందుగా లేస్తారనీ, ఆ తరువాత బతికివున్న మనం మేఘాల మీద కొనిపోబడతామనీ రాశాడు. బతికివుండేవారి లెక్కలో ఆయన తననూ కలుపుకున్నాడు. అసలు ఆ దిగులు పుట్టడమే ఒక ఆధారం. సంఘస్థులు చనిపోవడం వారికి ఊహించని సంగతి అయిందంటే, రాకడ అంత దగ్గరలో ఉందని వారికి బోధించి ఉండాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనూ ఇదే ధోరణి. కాలం కురచైపోయింది కాబట్టి పెళ్లయినవారు కానివారిలా మెలగాలని ఏడో అధ్యాయంలో సలహా ఇచ్చాడు. మనలో అందరూ చనిపోరని పదిహేనో అధ్యాయంలో చెప్పాడు.

సువార్తల్లోని మూడు వాక్యాలు ఈ చర్చకు ఇరుసు. ఇక్కడ నిలిచివున్నవారిలో కొందరు దేవుని రాజ్యం బలంతో రావడం చూసేదాకా చనిపోరని మార్కు తొమ్మిదో అధ్యాయంలో యేసు అంటాడు. పదమూడో అధ్యాయంలో సూర్యుడు చీకటి కావడం, మనుష్యకుమారుడు మేఘాల మీద రావడం వర్ణించి, ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదని చెబుతాడు. మత్తయి పదో అధ్యాయంలో శిష్యులను ప్రచారానికి పంపుతూ, వారు ఇశ్రాయేలు ఊళ్లన్నీ తిరిగి రాకముందే మనుష్యకుమారుడు వస్తాడని అంటాడు. ఆ తరం గతించింది, ఆ శిష్యులూ గతించారు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మార్కు పదమూడులోనే ఉంది కదా అన్నది విశ్వాసుల సమాధానం. దానికి విమర్శకుల జవాబు సూటిగా ఉంటుంది. ఫలానా రోజని తెలియకపోవడం వేరు, ఒక తరం లోపల అని గడువు పెట్టడం వేరు. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు.

గడువు దాటిపోతోందన్న కలవరం కొత్త నిబంధన పుటల్లోనే కనిపించడం ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. యోహాను సువార్త చివరి అధ్యాయం ఒక వదంతిని ప్రస్తావించి సరిదిద్దుతుంది. యేసు తిరిగి వచ్చేదాకా ఆయన ప్రేమించిన శిష్యుడు చనిపోడని సోదరుల్లో మాట పుట్టిందట. యేసు అలా అనలేదని రచయిత వివరణ ఇచ్చాడు. ఆ శిష్యుడు చనిపోయివుంటేనే ఇలాంటి వివరణ అవసరమవుతుందని పలువురు పండితుల అభిప్రాయం. కాలం సమీపించిందని చెప్పేవారిని మోసగాళ్ల జాబితాలో చేర్చి, వారి వెంట వెళ్లవద్దని లూకా హెచ్చరించాడు. మార్కులో ఆ మాట లేదు. లూకా ఎదురుచూపును వెనక్కి నెట్టి, మధ్యలో సంఘానికి ఒక యుగాన్ని కల్పించాడని 1954లో హాన్స్ కాంజెల్మన్ వాదించాడు. ఇక పేతురు రెండో పత్రికను చాలామంది పండితులు రెండో శతాబ్దం తొలినాళ్లదిగా భావిస్తారు. దాని మూడో అధ్యాయంలో అపహాసకుల ప్రశ్న నేరుగానే ఉంది. వస్తానన్న మాట ఏమైంది, పితరులు పోయారు, లోకం ఎప్పటిలాగే ఉంది కదా అని వారు అడుగుతారు. ప్రభువుకు ఒక రోజు వెయ్యేళ్లతో సమానమని రచయిత బదులిస్తాడు. తరువాతి కాలమంతా ఎక్కువగా వాడిన జవాబు ఇదే. కానీ ఈ కొలత ఒప్పుకుంటే ‘త్వరగా’ అన్న మాటకు వినేవారికి తెలిసిన అర్థమేదీ మిగలదు. మొదటి శతాబ్దపు శ్రోతలకు ఊరట ఇచ్చింది ఆ తెలిసిన అర్థమే.

‘ఈ తరం’ అన్న మాటను ఇమడ్చడానికి జరిగిన ప్రయత్నాలు చాలా ఉన్నాయి. అది యూదు జాతి కావచ్చు, లేదా యావత్ మానవజాతి కావచ్చునని నాలుగో శతాబ్దపు జెరోము సూచించాడు. అంత్యదినాల సూచనలను చూసే భవిష్యత్తు తరమని కొందరు ఆధునిక బోధకులు అంటారు. మార్కు తొమ్మిదిలోని మాట వారం తిరగకుండానే కొండ మీద యేసు రూపాంతరంతో నెరవేరిందని మరికొందరి వాదన. కానీ వారంలో జరిగే దానికి, కొందరు చనిపోకముందే అని చెప్పవలసిన పని ఏముంటుంది? వీటన్నిటికన్నా గట్టిది, ఆ ప్రవచనం క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేసినప్పుడు నెరవేరిందన్న వాదం. జేమ్స్ స్టువర్ట్ రస్సెల్ 1878లో దీన్ని పూర్తి స్థాయిలో ప్రతిపాదించాడు. మేఘాల మీద రావడమంటే భూమికి దిగడం కాదని, దానియేలు దర్శనంలోలాగా దేవుని సన్నిధికి చేరి న్యాయం పొందడమని బైబిలు పండితుడు ఎన్.టి. రైట్ వివరించాడు. పాండిత్యం దృష్ట్యా ఇది గౌరవించదగిన వాదన. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం పెద్దది. ఆ అధ్యాయాలు 70వ సంవత్సరం గురించే అయితే, భవిష్యత్తు రాకడకు సువార్తల్లోని ప్రధాన ఆధారం చేజారుతుంది. రైట్ భవిష్యత్తు రాకడను నమ్ముతాడు గానీ, దానికి ఆధారాలను వేరే చోట్ల వెతుక్కోవలసి వచ్చింది. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థించిన రచయితల్లో పేరుమోసిన సి.ఎస్. లూయిస్ ఈ తరం గురించిన వాక్యం బైబిలులో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేదని దాచకుండా ఒప్పుకున్నాడు.

2016లో బైబిలు పండితుడు క్రిస్టఫర్ హేస్, ఆయన సహరచయితలు ఇంకో దారి చూపారు. నీనెవె నాశనమవుతుందని యోనా ప్రకటించినా ప్రజలు పశ్చాత్తాపపడినందువల్ల అది జరగలేదు. ప్రవచనం అంటేనే షరతుతో కూడినదని, రాకడ ఆలస్యానికి కారణం మనుషుల స్పందనేనని వారి ప్రతిపాదన. పేతురు రెండో పత్రికలో దీనికి కొంత ఆధారం ఉంది. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, సువార్తల్లోని ఆ మూడు వాక్యాల్లో షరతు ఎక్కడా లేదు. పైగా జరిగితే నెరవేరినట్టు, జరగకపోతే షరతు తీరనట్టు అనుకుంటే ఆ ప్రవచనాన్ని పరీక్షించే వీలే ఉండదు.

యూదుల అభ్యంతరం వేరే మూలం నుంచి వస్తుంది. వారికి మెస్సీయా అంటే చేసిన పని చేత గుర్తించదగినవాడు. పన్నెండో శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర సంకలనంలో ఈ కొలతలను స్పష్టంగా రాశాడు. దేవాలయాన్ని తిరిగి కట్టాలి, చెదిరిన ఇశ్రాయేలీయులను సమకూర్చాలి. అది చేయలేక చంపబడినవాడు మెస్సీయా కాడు. 1263లో బార్సిలోనాలో అరగాన్ రాజు సమక్షంలో క్రైస్తవులతో జరిగిన వాదంలో రబ్బీ నహ్మానిడీస్ లోకం వైపు చూపించాడు. కత్తులు నాగటి కర్రులయ్యే కాలాన్ని ప్రవక్తలు చెప్పారు గానీ, యేసు నాటి నుంచి నేటిదాకా లోకం దౌర్జన్యంతో నిండివుందని అన్నాడు. ఈ దృష్టిలో రెండవ రాకడ అనే భావనే, మొదటిసారి పూర్తికాని పనికి తరువాత కల్పించిన గడువు పొడిగింపు. ఇలాంటి సర్దుబాటు యూదు చరిత్రలోనూ జరిగింది. మెస్సీయాగా ప్రకటితుడైన షబ్బతై జెవి 1666లో ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించాడు. ఆ మతమార్పిడే మెస్సీయా చేయవలసిన గూఢకార్యమని అతని అనుచరుల్లో కొందరు సమర్థించుకున్నారు.

గ్రీకు విమర్శకుల్లో మూడో శతాబ్దపు పోర్ఫిరీ మిగిలినవారికన్నా చాలా లోతుకు వెళ్లాడు. క్రైస్తవులకు వ్యతిరేకంగా ఆయన రాసిన పదిహేను పుస్తకాలు చక్రవర్తుల ఆజ్ఞతో తగలబడ్డాయి. దానియేలు గ్రంథం గురించి ఆయన చెప్పింది మాత్రం జెరోము ఖండనలో మిగిలింది. ఆ గ్రంథం బబులోను చెరకాలంలో రాసినది కాదని, క్రీ.పూ. రెండో శతాబ్దంలో అంతియొకసు ఎపిఫనెసు యూదులను హింసించిన రోజుల్లో రాసినదని ఆయన నిర్ణయం. అప్పటిదాకా జరిగిన చరిత్ర అందులో సరిగ్గా ఉంది, ఆ తరువాతిది తప్పింది. నేటి చారిత్రక విమర్శకుల్లో అత్యధికులు ఈ నిర్ణయాన్నే అంగీకరిస్తారు. రాకడ చర్చలో దీని ప్రాముఖ్యం చిన్నది కాదు. మేఘాలతో వచ్చే మనుష్యకుమారుడు దానియేలు నుంచి వచ్చినవాడే. డెబ్బై వారాలు, 2300 దినాలు అంటూ తేదీలు కట్టినవారి లెక్కలకు పునాది కూడా అదే. పోర్ఫిరీ మాట నిజమైతే ఆ లెక్కలన్నీ ఎప్పుడో ముగిసిపోయిన ఒక రాజు పాలనకు చెందినవి.

సంఘం లోపల కూడా వాక్యార్థంగా నమ్మడానికి అభ్యంతరం తొందరగానే మొదలైంది. రెండో శతాబ్దంలో పాపియాసు, రాకడ తరువాత క్రీస్తు భూమి మీద చేసే వెయ్యేండ్ల పాలనలో ఒక్కో ద్రాక్షతీగకు పదివేల కొమ్మలుంటాయని బోధించాడు. చరిత్రకారుడు యూసేబియాసు ఆయనను అల్పబుద్ధిగా లెక్కగట్టాడు. అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీసియాసు మూడో శతాబ్దంలో ఆ పాలనకు ఆధారమైన ప్రకటన గ్రంథం శైలిని, గ్రీకును పరిశీలించి, అది సువార్త రాసిన యోహానుది కాదని తేల్చాడు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ వెయ్యేండ్ల పాలనను సంఘకాలానికి సంకేతంగా వ్యాఖ్యానించాడు. ఆ తరువాత పశ్చిమ ఐరోపాలో శతాబ్దాల పాటు అధికారిక బోధ అదే. రాకడను ఆయన కొట్టివేయలేదు, దాని తొందరను మాత్రం తీసివేశాడు.

ఆధునిక విమర్శ ఒక అచ్చుకాని రాతప్రతితో మొదలైంది. హాంబర్గులో ప్రాచ్యభాషలు బోధించిన హెర్మన్ సామ్యూల్ రైమరూస్ తన రచనను బతికుండగా బయటపెట్టలేదు. ఆయన 1768లో చనిపోయాక జర్మన్ రచయిత లెస్సింగ్ 1774 నుంచి 1778 వరకు అందులోని భాగాలను రచయిత పేరు లేకుండా ప్రచురించాడు. యేసు ఆశించింది ఈ లోకపు రాజ్యమనీ, అది విఫలమయ్యాక శిష్యులు రెండవ రాకడను కల్పించారనీ రైమరూస్ ఆరోపణ. శిష్యులు కుట్ర చేశారన్న భాగాన్ని నేడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆలస్యమన్నది క్రైస్తవానికి మౌలిక సమస్య అన్న మాట మాత్రం నిలిచింది. 1892లో యొహాన్నెస్ వైస్ యేసు చెప్పిన దేవుని రాజ్యం మనుషులు మెల్లగా నిర్మించుకునే నైతిక సమాజం కాదని, దేవుడు హఠాత్తుగా తెచ్చే అంతమని చూపించాడు. 1906లో ఆల్బర్ట్ ష్వైట్జర్ దాన్ని చివరిదాకా తీసుకెళ్లాడు. శిష్యులు ప్రచారం నుంచి తిరిగి వచ్చినా అంతం రాలేదు. అప్పుడు అంత్యకాల శ్రమను తన మీద వేసుకుని దాన్ని రప్పించాలని యేసు యెరూషలేముకు నడిచాడని ఆయన వాదన. యేసు కాలం విషయంలో పొరబడ్డాడన్న నిర్ధారణకు వచ్చిన ఈ పండితుడే ఆయన మీద భక్తితో ఆఫ్రికాలోని లాంబరెనేలో ఆసుపత్రి కట్టి జీవితాన్ని ధారపోశాడు. సందేహం విశ్వాసాన్ని చంపితీరుతుందనుకునేవారు ష్వైట్జర్ జీవితాన్ని తెలుసుకోవాలి.

తరువాతి పండితులు ష్వైట్జర్‌తో తలపడక తప్పలేదు. రాజ్యం యేసు పనిలోనే వచ్చేసిందని సి.హెచ్. డాడ్ 1935లో అన్నాడు. రుడోల్ఫ్ బుల్ట్‌మన్ 1941లో ఇంకా తెగించి, అనుకున్నట్టు రాకడ జరగలేదు కాబట్టి ఆ పురాణ భాషను విడిచి, ప్రతి మనిషి ఎదుట నిలిచే నిర్ణయంగా దాన్ని అర్థం చేసుకోవాలన్నాడు. 1985లో అమెరికాలో మొదలైన జీసస్ సెమినార్ అనే పండితుల బృందంలో జాన్ డొమినిక్ క్రాసన్ వంటివారు అంత్యకాల వాక్యాలు యేసువి కావని, తరువాతి సంఘం చేర్చినవని అన్నారు. దీనితో యేసు పొరపాటు తొలగిపోతుంది, కానీ ఆయన మళ్లీ వస్తానన్న వాగ్దానమూ దాంతోపాటే పోతుంది. పైగా అంతం సమీపించిందని ప్రకటించిన బాప్తిస్మమిచ్చు యోహానుకూ, అదే ఎదురుచూసిన పౌలుకూ మధ్య నిలిచిన యేసు ఒక్కడే దాన్ని నమ్మలేదనడం కష్టం. ఈ కారణంతోనే ఇ.పి. సాండర్స్, బార్ట్ ఎర్మన్, డేల్ ఆలిసన్ ష్వైట్జర్ వైపే మొగ్గారు. వీరిలో ఆలిసన్ విశ్వాసం విడవని క్రైస్తవుడు.

హేతువాదుల్లో బెర్ట్రండ్ రస్సెల్ 1927 మార్చి 6న లండన్‌లోని బాటర్సీ టౌన్ హాలులో చేసిన ప్రసంగం ప్రసిద్ధం. తన రాకడ అక్కడున్నవారి జీవితకాలంలోనే జరుగుతుందని క్రీస్తు నమ్మాడనీ, అది జరగలేదు కాబట్టి ఆయనను అత్యంత జ్ఞానిగా ఒప్పుకోలేననీ రస్సెల్ అన్నాడు. సువార్తల పరిశోధనలో అప్పటికే తేలినదాన్ని ఆయన సామాన్య శ్రోతల ముందు పెట్టాడు తప్ప కొత్తగా చేర్చింది తక్కువ.

తేదీల చరిత్ర వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలులోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి 1843 దగ్గరికి చేరాడు. ఆ గడువు దాటాక ఉద్యమం 1844 అక్టోబరు 22ను ఖాయం చేసింది. వేలమంది ఆ రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు, తెల్లవారింది. తేదీ సరైనదేననీ, ఆ రోజు జరిగింది భూమి మీద కాదు పరలోకపు పరిశుద్ధ స్థలంలోననీ కొందరు వివరించుకున్నారు. వారి నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. యెహోవా సాక్షుల ఉద్యమానికి మొదట 1914 ముగింపు సంవత్సరం, తరువాత అది కంటికి కనిపించని రాజ్యారంభంగా మారింది. 1925, 1975 మీద పెట్టుకున్న ఆశలూ నిరాశగానే ముగిశాయి. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న రాకడ అని ప్రచారం చేసిన దామి మిషన్ అనుచరులు ఉద్యోగాలు, చదువులు వదిలేశారు. దాని నాయకుడు ఆ తేదీ తరువాత గడువు తీరే బాండ్లు కొన్నాడని తేలి, మోసం కేసులో జైలుకు వెళ్లాడు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తరువాత అక్టోబరు 21 అన్నాడు. 2012లో తప్పు ఒప్పుకున్నాడు.

ఈ వైఫల్యాలు రాకడ అబద్ధమని రుజువు చేయవు. దినం ఎవరికీ తెలియదన్న వాక్యాన్ని ధిక్కరించి లెక్కలు కట్టినవారి తప్పు, లెక్క కట్టని కోట్లమంది మీద పడదు. ఇవి చూపించేది వేరొకటి. మాట తప్పినప్పుడు నమ్మకం ఎలా నిలబడుతుందన్నది వీటిలో కళ్లకు కడుతుంది. 1954 డిసెంబరు 21న జలప్రళయం వస్తుందని నమ్మిన చిన్న అమెరికన్ బృందాన్ని లియాన్ ఫెస్టింగర్ బృందం దగ్గరుండి గమనించి, 1956లో ‘వెన్ ప్రాఫెసీ ఫెయిల్స్’ ప్రచురించింది. కాదని తేలాక కూడా నమ్మకం పెరగవచ్చునని, మనసులోని వైరుధ్యాన్ని తగ్గించుకోవడానికి ప్రచారం ఎక్కువవుతుందని వారి సిద్ధాంతం. 1975లో జాన్ గేజర్ దీన్ని తొలి క్రైస్తవ సంఘానికి అన్వయించాడు. ఈ పద్ధతికి బలహీనత ఉంది. విశ్వాసుల్లా నటించి ఆ చిన్న గుంపులో చేరిన పరిశీలకులు దాని నడతనే ప్రభావితం చేశారన్న విమర్శకు సరైన జవాబు రాలేదు. దాని మీద ఆధారపడి మొదటి శతాబ్దాన్ని వివరించేటప్పుడు జాగ్రత్త అవసరం.

రాకడను రెండు దశలుగా విడదీసి, ముందు విశ్వాసులు రహస్యంగా ‘ఎత్తబడతారు’, తరువాత శ్రమలకాలం వస్తుంది అన్న బోధ మీద క్రైస్తవుల్లోనే గట్టి వ్యతిరేకత ఉంది. దీన్ని 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ, ఆయన చుట్టూ ఉన్న ప్లిమత్ బ్రదరన్ వ్యాప్తి చేశారు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు వ్యాఖ్యలు దాన్ని లక్షల ఇళ్లకు చేర్చాయి. పద్దెనిమిది శతాబ్దాల సంఘ బోధలో స్థిరమైన చోటు లేని ఈ సిద్ధాంతం పౌలు చెప్పిందే ఎలా అవుతుందని విమర్శకులు అడుగుతారు. బ్రదరన్ ఉద్యమానికి తెలుగు నేలతో పాత సంబంధమే ఉంది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. ‘సంఘం ఎత్తబడడం’ నేడు తెలుగు ప్రసంగాల్లో తరచూ వినిపించే మాట. దాని వయసు రెండు శతాబ్దాలేనని మాత్రం వేదికల మీద అరుదుగా చెబుతారు.

నైతిక దృష్టితో చేసే విమర్శ ఒకటుంది. లోకం రేపో మాపో ముగుస్తుందనుకునేవారు భూమిని, న్యాయాన్ని, బిడ్డల భవిష్యత్తును పట్టించుకోరన్నది దాని సారాంశం. కొరియాలో జరిగిన నష్టం దీనికి సాక్ష్యం. అయితే దీన్ని సార్వత్రిక సూత్రం చేయడానికి చరిత్ర ఒప్పుకోదు. 1844 నిరాశ నుంచి పుట్టిన అడ్వెంటిస్టు సంఘమే నూజివీడులో గిఫర్డ్ స్మారక ఆసుపత్రిని నడిపింది. రాకడ ఆశ మనిషిని లోకం నుంచి తప్పించదు, లోకాన్ని మార్చమని తొందరపెడుతుందని యూర్గెన్ మోల్ట్‌మన్ 1964లో వాదించాడు.

రాబోయే రక్షకుడు క్రైస్తవులకే పరిమితం కాడని మరికొందరు గుర్తుచేస్తారు. షియా ముస్లిముల్లో అత్యధికులకు పన్నెండో ఇమాము, బౌద్ధులకు మైత్రేయుడు, వైష్ణవులకు కల్కి ఉన్నారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వీరభోగవసంతరాయలుగా తిరిగి వస్తాడని ఆయన భక్తుల నమ్మకం. అణగినవారు న్యాయాన్ని భవిష్యత్తులో దాచుకుంటారన్న సామాజిక వివరణ వీటన్నిటికీ కొంతవరకు సరిపోతుంది. నమ్మకం ఎందుకు పుట్టిందో అది చెప్పగలదు. ఆ నమ్మకం నిజమో కాదో అది తేల్చలేదు.

రాకడ ఏదో ఒకనాడు జరుగుతుందన్న ఆశను చరిత్ర ఖండించలేదు, ఎందుకంటే దానికి గడువు లేదు. గడువు ఉన్న మాటలను మాత్రం చరిత్ర పరీక్షించగలదు. ‘ఈ తరం’ అన్న మాటను అన్ని వివరణలతో తూచి చూసినా, మొదటి శతాబ్దపు సంఘం తన జీవితకాలంలోనే అంతాన్ని ఎదురుచూసిందన్న నిర్ణయమే ఆధారాలకు దగ్గరగా ఉంది. ఆ ఎదురుచూపు తప్పింది.